బషీర్‌కి శుక్రవారం స్నానం

దమ్మామ్‌లో నేను సర్వర్లను చూసుకుంటానని చెబితే, మా అత్తగారు చాలాకాలం నన్నొక పెద్ద హోటలుకి మేనేజరనుకున్నారు. సెలవుకి తెనాలి వచ్చినప్పుడల్లా కాఫీ గ్లాసు చేతికిస్తూ, “మీ సర్వర్లు చెప్పిన మాట వింటారా బాబూ?” అని అడిగేవారు.

“అప్పుడప్పుడూ పిలిస్తే పలకరండీ.”

“జీతం కాస్త పెంచి చూడకపోయారా.”

నేను మెమొరీ పెంచి చూసేవాణ్ణి. ఫలితం దాదాపు ఒకటే.

ఆవిడ పొరపాటు పడ్డారని ఇప్పుడనుకోవడం లేదు. హోటల్లో సర్వరుకీ నా సర్వరుకీ తేడా తక్కువ. ఇద్దరినీ ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు, ఇద్దరూ తెచ్చిపెడుతూనే ఉంటారు, ఆలస్యమైతే తిట్లు తినేది మాత్రం కౌంటర్లో కూర్చున్నవాడు. ఆ కౌంటర్లో చాలా ఏళ్లు కూర్చుని, ఇప్పుడు ఇంటికొచ్చి ఊరికే కూర్చున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఫోన్ చేసి, ఏ కోర్సు చెయ్యమంటారు అంకుల్ అని అడుగుతుంటారు. కోర్సుల సంగతి నాకు తెలియదు. నేను నేర్చుకున్నవన్నీ ఈపాటికి మ్యూజియంలో చేరాయి. నువ్వు కూడా చేరావుగా నాన్నా అంటాడు మా అబ్బాయి. తెలిసినంతవరకు చెబుతాను. హంగులన్నీ తీసేస్తే ఈ ఉద్యోగంలో మిగిలే పనులు రెండే. యంత్రానికి పేరు పెట్టడం, దాన్ని నిద్ర లేపడం. పేరు పెట్టడం నా పని. నేను చేసిన పనికి పేర్లు పెట్టడం రియాద్‌లోని హెడ్డాఫీసు పని. ఎవరి పని వాళ్లం శ్రద్ధగానే చేశాం.

ఇంటికి వెళ్లినవాళ్ల పేర్లు

మాది కోల్డ్ స్టోరేజీ కంపెనీ. దమ్మామ్ పోర్టులో దిగిన చికెన్, పాలు, కూరగాయలు మా గోడౌన్లలో ఆగి, అక్కణ్ణుంచి లారీలెక్కి అటు ఖఫ్జీ దాకా, ఇటు తాయిఫ్ దాకా వెళ్లేవి. లారీ గేటు దాటాలంటే గేట్ పాస్ కావాలి. గేట్ పాస్ ప్రింటవ్వాలంటే సర్వర్ లేచి ఉండాలి. అది పడుకుంటే చికెన్ కరుగుతుంది, మేనేజరు మరుగుతాడు.

ప్రతి యంత్రానికీ ఒక పేరుంటుంది. హోస్ట్‌నేమ్ అంటాం. మిగతా యంత్రాలు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తాయి. కొన్నిచోట్ల గ్రహాల పేర్లు పెడతారు, కొన్నిచోట్ల పూల పేర్లు. మా దగ్గర ఒక ఆచారం ఉండేది, ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎవరైనా ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఉద్యోగం పూర్తిగా ముగించుకుని, తమ దేశానికి వెళ్లిపోతే, ఆ తర్వాత వచ్చిన యంత్రానికి వాళ్ల పేరు పెట్టేవాళ్లం. అలా కేరళ జోసెఫ్ మా ఈమెయిళ్లు పంచేవాడు. లాహోర్ తారిఖ్ హాజరు వేసేవాడు. అన్నిటికన్నా ముఖ్యమైన గేట్ పాస్ సర్వర్ పేరు బషీర్.

అసలు బషీర్ భాయ్‌ది హైదరాబాద్ పాతబస్తీ. మా గేటు దగ్గర స్టోర్‌కీపర్‌గా ఉన్నన్నాళ్లూ పాస్ లేని లారీని అంగుళం కదలనివ్వలేదు, కాబట్టి పేరు సరిపోయింది. ‘బషీర్ పడిపోయాడు’, ‘బషీర్‌కి ఊపిరాడటం లేదు’ అని మేం మాట్లాడుకుంటుంటే కొత్తగా చేరినవాళ్లు కంగారుపడి నీళ్లు తెచ్చిన రోజులున్నాయి. ఈ సంగతి తెలిసి బషీర్ భాయ్ ఒకసారి హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

“ఏం సూర్యం మియా, నేను ఇంటికొచ్చినంక గూడ నాతోని డ్యూటీ చేపిస్తున్నరంట?”

“మీరే బాగా చేస్తున్నారు భాయ్, మనిషిగా ఉన్నప్పటికంటే.”

“అరె, చాయ్ అడుగుతలేను గద, అందుకే.”

స్నానం

ఆ బషీర్‌ని కనిపెట్టుకుని ఉన్నది మస్తాన్ వలి. ప్రొద్దుటూరువాడు, నాతో పనిచేసే టెక్నీషియన్, ముప్పై దాటినా పెళ్లి కానివాడు. పాత బషీర్‌కి ఒక జబ్బుండేది. వారం తిరిగేసరికి మందగించేవాడు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ చురుకు. శుక్రవారం పొద్దున గోడౌన్ మూసి ఉంటుంది గనక మస్తాన్ ఆ పని అప్పుడు చేసేవాడు. జుమ్మా నమాజుకి ముందు అందరూ స్నానం చేస్తారు కదా, బషీర్‌కీ అది స్నానమే. తను తలారా స్నానం చేసి, తెల్లబట్టలు కట్టి, అత్తరు పూసుకుని ఆఫీసుకొచ్చి, బిస్మిల్లా అంటూ మీట నొక్కి, బషీర్ లేచాక గానీ మసీదుకి వెళ్లేవాడు కాదు.

“బషీర్‌కి కూడా కాస్త అత్తరు పుయ్యవయ్యా,” అనేవాణ్ణి.

“పూస్తే ఫ్యాన్ పట్టేస్తాది సార్, వద్దు.”

ఏది అడిగినా అతని దగ్గర సాంకేతిక కారణం సిద్ధంగా ఉండేది.

మబ్బుల్లేని ఊళ్లో

ఆకాశంలో మబ్బుతునక కోసం వెతుక్కోవాల్సిన దమ్మామ్‌లో ఉంటూ, కంపెనీ క్లౌడ్‌కి మారాలని నిర్ణయించింది. మా గదిలోని యంత్రాలను తీసేసి, ఎక్కడో ఇంకొకరి పెద్ద డేటా సెంటర్లో మాకంటూ కొంత భాగం తీసుకోవడమన్న మాట. ఆ భాగాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. కంప్యూటర్ చేసే పనులన్నీ చేస్తుంది, ముట్టుకోవడానికి మాత్రం ఉండదు. మొండికేసిన యంత్రాన్ని పక్కన రెండు తట్టి పని చేయించిన తరం మాది. తట్టడానికి ఏమీ లేని సర్వర్‌ని చూస్తే ఏమీ తట్టలేదు.

హెడ్డాఫీసు కొత్త పేర్ల పద్ధతి పంపింది. నగరం, శాఖ, అంకెలు కలిపి కారు నంబరు ప్లేటులా ఉండేవి. నేను చాలా గొణిగాను గానీ, నిజం చెప్పాలంటే వాళ్లదే సరైన పద్ధతి. యంత్రాలు వందల్లోకి వెళ్లాక జోసెఫ్ ఏం చేస్తాడో, తారిఖ్ ఎక్కడుంటాడో ఎవరు గుర్తు పెట్టుకుంటారు? మీరు మా ఆచారాన్ని పట్టుకోకండి. సంతోషంగా నంబరు ప్లేట్లు తగిలించండి.

చిక్కు బషీర్ ఒక్కడితోనే వచ్చింది. గేట్ పాస్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఆ పేరుకి కట్టి ఉంది. సాఫ్ట్‌వేర్ లేవగానే యంత్రాన్ని పేరడుగుతుంది. బషీర్ అంటేనే పని మొదలుపెడుతుంది, ఇంకేమన్నా ముడుచుకుని పడుకుంటుంది. దాన్ని రాసిన కంపెనీ ఏనాడో మూతబడింది, లైసెన్స్ మార్చి ఇచ్చే నాథుడు లేడు. ఈ సంగతి చెబితే రియాద్‌లోని అధికారి, “అయితే బషీర్‌ని రిటైర్ చెయ్యండి,” అన్నాడు.

“ఎప్పుడో అయ్యాడండీ. హైదరాబాద్‌లో మనవళ్లని ఆడిస్తున్నాడు.”

ఆయనకి అర్థమయ్యేలా వివరించాక, కొత్త మెషీన్‌కీ పాత పేరే ఉంచడానికి ఒప్పుకున్నాడు.

అబూ నాసర్ షరతు

మా మేనేజరు అబూ నాసర్ సౌదీవాడు. కంప్యూటర్ల గురించి తనకేమీ తెలియదని తనే చెప్పేవాడు. అందుకే అతని కింద పనిచేయడం తేలిక, అతన్ని ఏమార్చడం కష్టం. సగం తెలిసిన బాసుని పెద్ద పెద్ద మాటలతో ఊరుకోబెట్టొచ్చు. ఏమీ తెలియనివాడు, “లారీ వెళ్తుందా, వెళ్లదా?” అని ఒక్కటే అడుగుతాడు. దానికి పెద్ద మాటల్లో జవాబు లేదు. మీకు బాసుని ఎంచుకునే అవకాశం వస్తే, ఇలాంటివాణ్ణి ఎంచుకోండి.

ఇక్కడ మస్తాన్ పెళ్లి సంగతి చెప్పాలి. ప్రొద్దుటూరులో అతని నికా అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి క్లౌడ్‌కి మారే తేదీ వెనక్కి జరిగింది, రెండోసారి అతని స్థానంలో రావలసిన మనిషి రాలేదు. మూడోసారి ముహూర్తం కుదిరాక పెళ్లికూతురి మేనమామ ఫోన్ చేసి, ఈసారి తేదీ మారిస్తే తాము పెళ్లికొడుకుని మారుస్తామని మర్యాదగానే చెప్పాడు. పైగా రంజాన్ దగ్గర పడుతోంది. ఆ నెల మా గేటు ముందు లారీల వరస రోడ్డు దాకా ఉంటుంది.

మస్తాన్ సెలవుకి వెళ్లి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీఎంట్రీ కాగితాలు పట్టుకుని అబూ నాసర్ గదిలోకి వెళ్లాడు, తోడుకి నన్నూ లాక్కెళ్లాడు. అబూ నాసర్ మాతో అరబీ, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడేవాడు.

“యా మస్తాన్, కొత్త సర్వర్ తన కాళ్ల మీద తను నిలబడాలి. నిలబడిన రోజున నువ్వు విమానం ఎక్కు. నిలబడకపోతే, సబర్, ఓపిక పట్టు. రంజాన్ తర్వాత వెళ్దువుగాని.”

“నిలబడతాది బాస్. సూర్యం సార్ ఉండాడు గదా.”

అంత నమ్మకంగా ఒకరు మన పేరు చెబితే వెన్నులో చలి పుడుతుంది, ఏసీ లేకపోయినా.

ఆ వారం మధ్యలో కొత్త వర్చువల్ మెషీన్ తయారుచేశాను. పేరు బషీర్ అని పెట్టాను. అడిగితే బషీర్ అనే చెప్పింది. ఒకదాని తర్వాత ఒకటి స్టార్ట్ చేశాను: ముందు డేటాబేస్, దాని మీద గేట్ పాస్ సాఫ్ట్‌వేర్, చివర ప్రింటర్ల ప్రోగ్రాం. మూడూ నడిచాయి. అబూ నాసర్ స్వయంగా ఒక పాస్ ప్రింట్ చేయించి, చదివి, మడిచి జేబులో పెట్టుకుని, “ఖలాస్,” అన్నాడు. మస్తాన్‌కి శుక్రవారం సాయంత్రం విమానానికి టికెట్ వచ్చింది.

పేరు మరిచిపోయిన శుక్రవారం

శుక్రవారం పొద్దున నేను గదిలో దోసె తిరగేస్తుండగా మస్తాన్ ఫోన్.

“సార్, స్నానం చేయించినా.”

“ఎవరికయ్యా?”

“బషీర్‌కే సార్. శుక్రారం గదా.”

“కొత్తవాడికి స్నానం ఎందుకు? వాడికా జబ్బు లేదు కదా.”

“తెలుసు సార్. ఊరికి పోతాండా గదా, పొయ్యేముందు ఒక తూరి చేయించి పోదామని మనసు పీకింది.”

దోసె మాడుతున్న వాసన వచ్చింది. “లేచాడా?”

“లేచినాడు. గానీ పేరు మరిచిపోయినాడు.”

నేను వెళ్లేసరికి మస్తాన్ తెల్లబట్టల్లో కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. పక్కన తాడు కట్టిన అట్టపెట్టె, దాని మీద ఊరి పేరు పెద్దక్షరాలతో. స్క్రీన్ మీద బషీర్ ఉండాల్సిన చోట అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడవాటి తోక. గేట్ పాస్ సాఫ్ట్‌వేర్ ‘ఈ యంత్రమెవరో నాకు తెలియదు’ అన్న అర్థం వచ్చే మాటొకటి రాసి ఊరుకుంది. సాయంత్రం ఖఫ్జీ లారీలు బయలుదేరాలి. మస్తాన్ కూడా బయలుదేరాలి.

కారణం తర్వాత చూస్తే చిన్నదే. క్లౌడ్ మెషీన్ లేచినప్పుడల్లా ముందుగా ఒక చిన్న ప్రోగ్రాం నడుస్తుంది. డేటా సెంటర్ ఆ మెషీన్‌కి పుట్టినప్పుడు ఏ పేరు ఇచ్చిందో అడిగి, అదే మళ్లీ తగిలిస్తుంది. నేను పెట్టింది ముద్దుపేరు, అక్కడ రాసి ఉన్నది బడిపేరు. పాత యంత్రాల్లో ఈ తంటా లేదు, ఒకసారి పెట్టిన పేరు చచ్చేదాకా ఉండేది. పేరు జోలికి పోవద్దని ఆ ప్రోగ్రాంకి ఒక వాక్యం రాసి చెప్పాలి. నేను చెప్పలేదు. అంతేకాదు, ప్రింటర్ల ప్రోగ్రాంని ‘ఇప్పుడు లే’ అన్నానే తప్ప, ‘యంత్రం లేచినప్పుడల్లా నువ్వూ లే’ అనలేదు. అవి రెండూ వేరు వేరు ఆదేశాలు. మొదటిదానికి ఫలితం వెంటనే కనపడుతుంది కాబట్టి రెండోది ఇచ్చామనే భ్రమలో ఉంటాం.

నేను ఒక్కొక్కటే సరిచేస్తుంటే మస్తాన్ ఫోన్ మోగింది. పెళ్లికూతురి మేనమామ. గొంతు నాకే వినపడుతోంది.

“బయలుదేరినావా అబ్బోడా?”

“బషీర్ లేస్తానే బయలుదేరుతా మామా.”

“ఎవడు వాడు, ఇంత పొద్దెక్కినా పండుకోనుండేది? మొగంమీద నీళ్లు కొట్టు.”

“కొట్టినాకనే ఇట్లయింది మామా,” అని పెట్టేశాడు.

నేను నవ్వబోయి అతని ముఖం చూసి కీబోర్డు వైపు తిరిగాను.

రెండో స్నానం

మస్తాన్ నమాజుకి వెళ్లొచ్చేసరికి పని దారికొచ్చింది. యంత్రం మళ్లీ బషీర్ అయింది. మూడూ స్టార్ట్ చేశాను, పాస్ ప్రింటయింది. అతని వెనకే అబూ నాసర్ వచ్చాడు, చేతిలో వెండికాగితం కప్పిన పెద్ద కబ్సా పళ్లెంతో. విషయం మసీదు దగ్గరే తెలిసిందట. నేల మీద ప్లాస్టిక్ షీటు పరిచి, పళ్లెం మధ్యలో పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. వేడి అన్నం మీద మాంసం ముక్కలు, ఎండు ద్రాక్ష.

“పాస్ వచ్చిందా?” అన్నాడు అబూ నాసర్.

“వచ్చింది.”

“ఖలాస్. మస్తాన్, తిను. యల్లా, ఎయిర్‌పోర్ట్.”

మస్తాన్ పళ్లెంలో చెయ్యి పెట్టలేదు. నాతో తెలుగులో అన్నాడు.

“ఇంకొక తూరి స్నానం చేయించాల సార్.”

“ఇప్పుడు నడుస్తోంది కదయ్యా. నడిచేదాన్ని ఎందుకు కదిలించడం?”

“మొన్న గూడా నడిచింది గదా సార్.”

నేను వాదన మార్చాను. “లేవకపోతే? ఈయన షరతు తెలుసు. మీ మామ సంగతీ తెలుసు.”

“ఇప్పుడు లేవకపోతే నేనుండా, మీరుండారు. రంజాన్లో లేవకపోతే మీరొక్కరే ఉంటారు. గేటు కాడ లారీలు నిలబడిపోతాయి. ఫోన్ యాడికి వస్తాది? నాకే. నేను ఆడ పెండ్లికొడుకునై కూర్చోనుంటా. లేసి రాలేను, కూర్చోనూ లేను. అట్లాంటి పెండ్లి నాకొద్దు సార్.”

అబూ నాసర్ మా ఇద్దరి ముఖాలూ చూసి, ఏమిటీ వాదన అన్నాడు. చెప్పాను. అతను నా వైపు తిరిగి తన ఒకే ఒక్క ప్రశ్న కొంచెం మార్చి అడిగాడు.

“సూర్యం, సర్వర్ నిలబడిందా?”

అవునంటే మస్తాన్ ఆ నిమిషమే విమానానికి బయలుదేరతాడు. నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. “మేం చెయ్యి పట్టుకుంటే నిలబడింది,” అన్నాను.

“అయితే వదిలి చూడండి.”

మస్తాన్ లేచి వెళ్లి, బిస్మిల్లా అని మీట నొక్కి, వచ్చి కూర్చున్నాడు. మెషీన్ మమ్మల్ని వదిలేసింది. తెర నల్లబడింది. క్లౌడ్‌లో ఉన్నది లేస్తోందో లేదో తెలియడానికి ఫ్యాన్ చప్పుడైనా ఉండదు. పాత బషీర్ కనీసం మూలిగేవాడు. ముగ్గురం చేతులు అన్నంలో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరూ తినలేదు. మస్తాన్ ఫోన్ మళ్లీ మోగింది, మోగి ఆగిపోయింది.

తెర మీద అక్షరాలు కదిలాయి. చివరి వరసలో ఒక పేరు కనపడింది. బషీర్.

“పేరు చెప్పినాడు,” అన్నాడు మస్తాన్ మెల్లిగా.

తర్వాత డేటాబేస్ లేచింది. దాని వెంట గేట్ పాస్ సాఫ్ట్‌వేర్ లేచింది. కాస్త ఆగి, మూలనున్న ప్రింటర్ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి, ఆగిపోయిన ఖఫ్జీ పాస్ ఒకటి బయటికి తోసింది. ఎవరూ కీబోర్డు ముట్టుకోలేదు. ముట్టుకోవాలన్నా ముగ్గురి చేతులకీ నెయ్యి ఉంది.

అబూ నాసర్ ఒక మంచి ముక్క తుంచి మస్తాన్ ముందు పెట్టాడు. “ఇప్పుడు తిను, పెళ్లికొడకా.” తిన్నాక చెయ్యి కడుక్కుని, అట్టపెట్టె తనే ఎత్తి తన కారులో పెట్టుకున్నాడు. మా మేనేజరు బరువు మొయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే. కారు కదులుతుంటే మస్తాన్ ఫోన్లో చెప్పడం వినపడింది.

“మామా, బషీర్ లేచినాడు. బయలుదేరినా.”

ఎవరూ ముట్టుకోకుండా

ఆ శుక్రవారం నుంచి నాకొక నియమం ఏర్పడింది. మీకు నేను ఇవ్వగలిగిన సలహా కూడా అదొక్కటే. మీరు దగ్గర కూర్చుని స్టార్ట్ చేసినప్పుడు నడిచిందని సంబరపడకండి. అది యంత్రం గొప్ప కాదు, మీ చెయ్యి గొప్ప. దాన్ని ఒకసారి ఆపి, మళ్లీ లేవనివ్వండి. తన పేరు తను చెప్పాలి, తన పనులు తను మొదలుపెట్టుకోవాలి, మీ చేతులు అప్పుడు పళ్లెంలో ఉండాలి. అంతవరకు పని అయిందని ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా పెళ్లి కావలసినవాడికి. ఇంకో మాట. మీ జట్టులో అనవసరంగా స్నానం చేయించే మనిషి ఒకడుంటే విసుక్కోకండి. మస్తాన్‌కి మనసు పీకకపోయి ఉంటే ఆ పుట్టుపేరు రంజాన్ మధ్యలో బయటపడేది.

మస్తాన్ నికా అనుకున్న రోజునే జరిగింది. రంజాన్ అంతా బషీర్ ప్రతి శుక్రవారం స్నానం చేశాడు, ప్రతి శుక్రవారం లేచాడు. ఈసారి మీట నొక్కింది నేను. అత్తరు కూడా పూసుకున్నాను, నాకే.

కొన్నాళ్లకి నా వంతు వచ్చింది. ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, అప్పగించి, ఫైనల్ ఎగ్జిట్ ముద్ర వేయించుకుని తెనాలి చేరాను. నంబరు ప్లేట్ల కాలం గనక నా పేరు ఏ యంత్రానికీ ఉండదనే అనుకున్నాను. అయితే మస్తాన్ పరీక్షల కోసం ఒక చిన్న మెషీన్ తీసుకుంటూ, అబూ నాసర్ చేత హెడ్డాఫీసుకి చెప్పించి, దానికి సూర్యం అని పెట్టాడట. అది ఆగినప్పుడల్లా ‘సూర్యం అస్తమించాడు’ అని అందరూ అనుకుంటారని ముందే ఊహించాను. నేనైతే అనుకునేవాణ్ణి.

ఆ పేరు పెట్టాక వచ్చిన మొదటి శుక్రవారం పొద్దున, అరుగు మీద కాఫీ తాగుతుంటే ఫోన్ వచ్చింది.

“సార్, ఈ పొద్దు మీకు స్నానం చేయించినా.”

“లేచానా?”

“ఒకే తూరికి లేచినారు.”

“మరి పేరు?”

“అడగకముందే చెప్పినారు సార్.”

“చెయ్యి పెట్టావా?”

“ల్యా సార్. టీ తాగుతాండా.”

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినపడింది. “లేచారో లేదో ఎవరినడుగుతున్నారండీ? స్నానానికి నీళ్లు తోడి గంటైంది.”

ఎవరూ చెయ్యి పట్టుకోకుండానే లేచాను.